తాగే నీళ్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: గుంటూరు, బెజవాడ, చుట్టుపక్కల ఊళ్ల వాళ్ల కోసం

తొలకరి వాన పడినా, ఎక్కడో ఒక పేటలో వాంతులు విరేచనాలని పేపర్లో వచ్చినా, ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఇందులో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) గురించి కంటే సైడు కాల్వల గురించే ఎక్కువ ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా. మన ఊళ్లలో నీళ్ల వల్ల మంచం పట్టినవాళ్లలో ఎక్కువమందిని పడేసింది ఆ కాల్వలే మరి.

మన పంపుల్లో వచ్చే నీళ్లు అసలు ఎక్కడివి?

చాలావరకు కృష్ణ నీళ్లే. బెజవాడకి ప్రకాశం బ్యారేజీకి ఎగువన, విద్యాధరపురం వైపున్న హెడ్ వాటర్ వర్క్స్ నుంచి వస్తాయి. గుంటూరుకి తక్కెళ్లపాడు, సంగం జాగర్లమూడి ప్లాంట్ల నుంచి. డెల్టాలో ఉన్న చిన్న ఊళ్లకి కాలవ నీళ్లే ఆధారం, ఎండాకాలం కాలవలు కట్టేశాక చెరువులో నింపి పెట్టుకున్నవే దిక్కు. శివారు కాలనీల్లో, కొత్త వెంచర్లలో బోర్లు, ట్యాంకర్లు. ప్లాంటులో చేసేది పెద్ద రహస్యమేం కాదు. పటిక కలిపి మట్టిని అడుక్కి దింపుతారు, ఇసుక ఫిల్టర్ల మీదుగా పంపిస్తారు, చివర్లో క్లోరిన్ కలిపి వదులుతారు.

అంత శుభ్రం చేసి వదిలితే రోగాలు ఎందుకొస్తున్నాయి?

ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

మనకి నీళ్లు 24 గంటలూ రావు. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట, కొన్నిచోట్ల రోజు విడిచి రోజు. నీళ్లు వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఎక్కడైనా పగులుంటే నీళ్లు బయటికి చిమ్ముతాయి. వాల్వు కట్టేశాక ఒత్తిడి పోతుంది, పైపు ఖాళీ అవుతుంది, అప్పుడు అదే పగుల్లోంచి బయటున్నది లోపలికి వస్తుంది. మన సందుల్లో ఆ బయటున్నది ఏమిటి? సైడు కాల్వ. పాతపేటల్లో ఇంటి కనెక్షన్ పైపులు చాలావరకు కాల్వలోంచో కాల్వ అంచునుంచో పోతాయి, ఎందుకంటే రోడ్డు తవ్వడం కంటే అది సులువు, ఖర్చు తక్కువ, అడిగేవాళ్లూ లేరు. ఇనప పైపైతే కొన్నేళ్లకి తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. ప్లాస్టిక్ పైపైతే జాయింటు దగ్గర వదులవుతుంది. మర్నాడు పొద్దున నీళ్లు వదలగానే, రాత్రంతా పైపులో చేరిన మురుగు అందరికంటే ముందు మీ బిందెలోకి వస్తుంది.

దీనికి తోడు మోటార్లు. పంపు సన్నగా వస్తోందని మున్సిపల్ లైనుకే నేరుగా మోటారు బిగిస్తారు. అది నిబంధనలకి విరుద్ధమన్న సంగతి అలా ఉంచండి, ఆ మోటారు లైన్లో నీళ్లతోపాటు పగుళ్ల దగ్గరున్న మురుగునీ లాగుతుంది. మోటారు ఒకరిది, విరేచనాలు వీధి మొత్తానివి.

2018 మార్చిలో గుంటూరు ఆనందపేట చుట్టుపక్కల జరిగింది ఇలాంటిదే. తాగే నీళ్లలో మురుగు కలిసింది, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు, పదిమందికి పైగా చనిపోయారు. నదిలో నీళ్లు ఎలా ఉన్నాయన్నది అక్కడ సమస్యే కాదు. ప్లాంటుకీ ఇంటికీ మధ్య ఉన్న పైపుల దగ్గరే అంతా జరిగిపోయింది.

అందుకని ఈ రెండు పనులు రేపే చేయండి. మీ ఇంటి కనెక్షన్ పైపు ఎటునుంచి వస్తోందో కాల్వ వెంట నడుస్తూ చూడండి, మురుగులో మునిగి ఉంటే పైకి లేపి కాల్వకి అవతల వేయించండి. నీళ్లు వదలగానే మొదట వచ్చేవి తాగడానికి పట్టకండి, అవి మొక్కలకో, వాకిలి కడగడానికో వాడుకుని, కాసేపటికి తేటగా వస్తున్నప్పుడు మంచినీళ్ల బిందె పెట్టండి.

నీళ్లు తేటగానే ఉన్నాయి, వాసన కూడా లేదు. తాగొచ్చుగా?

చెప్పలేం. కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములు కంటికి కనిపించవు. వరదల రోజుల్లో వచ్చే ఎర్రనీళ్లని చూసి భయపడతాం గానీ అందులో ఎక్కువగా ఉండేది మట్టి, దాన్ని దించడం మన పెద్దవాళ్లకి బాగా తెలిసిన పనే. చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లు, పటిక ముక్క తిప్పేవాళ్లు. మట్టి దిగితే క్రిములూ కొంత తగ్గుతాయి, పూర్తిగా మాత్రం పోవు. కాబట్టి తేటపడిన నీళ్లని కూడా మరిగించాలి, లేదా క్లోరిన్ బిళ్ల వేయాలి.

పంపు నీళ్లు బ్లీచింగ్ వాసన వస్తున్నాయి, అది మంచిదేనా?

మంచిదే. ఇంకా చెప్పాలంటే ఆ వాసన బొత్తిగా లేని రోజే అనుమానపడాలి. మన దేశంలో తాగునీటికి ఉన్న ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం పంపు దగ్గరికి వచ్చేసరికి లీటరులో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అది మిగిలిందంటే దారిలో కొద్దోగొప్పో మురుగు కలిసినా దాని పని పట్టడానికి సరుకు ఉందన్నమాట. ప్లాంటులో తగినంత కలిపినా మీ పంపు దగ్గర సున్నా చూపిస్తోందంటే, మధ్యలో ఏదో దాన్ని మింగేసింది. మున్సిపాలిటీ వాళ్ల దగ్గర చిన్న క్లోరోస్కోప్ ఉంటుంది. నీళ్లలో నాలుగు చుక్కల మందు వేస్తే పసుపురంగు తిరుగుతుంది, ఎంత చిక్కటి పసుపైతే అంత క్లోరిన్ ఉన్నట్టు. మీ వీధి చివరి ఇంట్లో ఆ పరీక్ష చేయమని అడగండి. ట్యాంకు పక్క ఇంట్లో ఎప్పుడూ బాగానే ఉంటుంది.

వాసన నచ్చకపోతే నీళ్లని వెడల్పాటి గిన్నెలో గుడ్డ కప్పి కొన్ని గంటలు ఉంచండి, చాలావరకు పోతుంది.

టీడీఎస్ ఎంత ఉండాలి? మా ఇంట్లో 380 ఉంది, టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ అక్కర్లేదు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంత ఉన్నాయో చెప్పే లెక్క. లీటరుకి 500 మిల్లీగ్రాముల వరకు నిశ్చింతగా తాగొచ్చు, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా అనుమతి ఉంది. ఆ పెన్ను లాంటి మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందనే. మురుగు కలిసిన నీళ్లకీ 380 చూపించగలదు, మరిగించి చల్లార్చిన నీళ్లకీ అదే 380 చూపించగలదు. క్రిముల సంగతి దానికి తెలియదు.

అన్నట్టు ఇంటికొచ్చి రెండు గ్లాసుల్లో కరెంటు రాడ్లు పెట్టి, మీ నీళ్లు గోధుమరంగు మురికిగా మారడం చూపించి మిషను అమ్మే కుర్రాళ్ల సంగతి. ఆ మురికి మీ నీళ్లలోది కాదు, ఇనప రాడ్డే కరిగి తుప్పు తేలుతుంది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి తుప్పు తేలుతుంది, ఆర్‌ఓ, అంటే లవణాల్ని వడగట్టేసే మిషను, దాని నీళ్లలో లవణాలు లేక కరెంటు పారదు కాబట్టి తేటగా ఉంటుంది. ఆ ఆర్‌ఓ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి, సామాను సర్దేసుకుంటారు.

అయితే ఆర్‌ఓ పెట్టించుకోవాలా, వద్దా?

కృష్ణ నీళ్లు సక్రమంగా వచ్చే ఇంటికి చాలామటుకు అవసరం లేదు. టీడీఎస్ 500 దాటని చోట ఆర్‌ఓ అక్కర్లేదని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా చెప్పింది. మామూలు ఇంటి మిషను ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి మూడు లీటర్ల దాకా పక్కకి వదిలేస్తుంది, ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూసే కాలనీలో అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మీది మున్సిపల్ నీళ్లయితే యూవీ (క్రిములని చంపే అతినీలలోహిత కాంతి), యూఎఫ్ (క్రిములని ఆపే సన్నటి జల్లెడ లాంటి పొర) ఉన్న చిన్న ఫిల్టర్ సరిపోతుంది. నీళ్లు తేటగా ఉంటేనే యూవీ పనిచేస్తుంది, కరెంటు పోతే పనిచేయదు, ఈ రెండూ గుర్తుంచుకోండి.

ఆర్‌ఓ నిజంగా కావలసింది వేరేవాళ్లకి. బోరులో ఫ్లోరైడో నైట్రేటో ఎక్కువున్నవాళ్లకి, బాపట్ల, రేపల్లె వైపు భూగర్భ జలం ఉప్పెక్కిన ఊళ్లవాళ్లకి. అక్కడ కూడా క్యాండిళ్లు, మెంబ్రేన్ టైముకి మార్చకపోతే ఫిల్టరే క్రిములకి కాపురమైపోతుంది.

మేం వాటర్ టిన్నులే తెప్పించుకుంటాం, మాకేం ఇబ్బంది లేదు కదా?

టిన్నులో నీళ్లు బాగుండొచ్చు. టిన్ను సంగతేంటి? ఎవరింట్లోనో మెట్ల కింద పడి ఉండి, ఆటోలో దొర్లి, ప్లాంటులో రెండు చుక్కల నీళ్లతో తొలిచి మళ్లీ నింపి మీకిస్తారు. ఎండలో ఉంచితే లోపల పచ్చగా పాచి పడుతుంది. ఇంట్లో పెట్టుకున్న స్టాండు కుళాయి ఎప్పుడైనా విప్పి కడిగారా?

ఇంకో సంగతి, వీధి ప్లాంటులో నింపే 20 లీటర్ల టిన్నుని మినరల్ వాటర్ అనడం మన అలవాటే గానీ అందులో మినరల్స్ కలిపేది ఎవరూ లేరు, ఉన్నవీ తీసేసి ఇస్తున్నారు. ఆర్‌ఓలోంచి వచ్చిన నీళ్లలో క్లోరిన్ కూడా ఉండదు కాబట్టి తర్వాత చెయ్యి పడితే, మురికి గ్లాసు ముంచితే, ఆ నీళ్లకి ఏ కాపుదలా లేదు. సీలు వేసి అమ్మే ప్యాకేజ్డ్ నీళ్లని 2024 నవంబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎక్కువ ప్రమాదం ఉన్న ఆహార పదార్థాల జాబితాలో చేర్చింది, తనిఖీలు గట్టిగా జరగాలని. సీలు వేయని టిన్ను సంగతి ఇక మీరే ఆలోచించుకోండి. ప్లాంటుకి ఒకసారి వెళ్లి చూడండి. టిన్నులు ఎలా కడుగుతున్నారు, ఆఖరి నీళ్ల పరీక్ష రిపోర్టు ఎప్పటిది అని అడగండి. చూపించడానికి నసిగితే ప్లాంటు మార్చండి.

మరగబెడితే అన్నీ పోతాయా?

క్రిములు పోతాయి. బుడగలు కుతకుతా వచ్చాక ఒక నిమిషం మరిగిస్తే చాలు, పావుగంట గ్యాసు తగలేయక్కర్లేదు. ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు మాత్రం పోవు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి కాబట్టి అవి ఇంకాస్త చిక్కబడతాయి కూడా. మరిగించిన గిన్నెలోనే చల్లారనిచ్చి మూత పెట్టుకోండి, కడగని బిందెలోకి వంపితే కథ మళ్లీ మొదటికి వస్తుంది. ముంచడానికి పిడి ఉన్న గ్లాసు వాడండి.

గ్యాసు లేని చోట 20 లీటర్లకి ఒక అరగ్రాము క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగితే తాగొచ్చు. అదీ దొరక్కపోతే మన ఎండ ఉండనే ఉంది. తేట నీళ్లని రంగులేని ప్లాస్టిక్ సీసాలో పోసి మంచి ఎండలో ఆరు గంటలు పడుకోబెడితే క్రిములు చస్తాయి, మబ్బు పడితే రెండు రోజులు ఉంచాలి. రోహిణి కార్తెలో బెజవాడ డాబా మీద దీనికి ఏ లోటూ లేదు.

మాది బోరు. లోతుగా వేయించాం, శుభ్రంగానే ఉంటాయి కదా?

లోతు ఒక్కటే చూస్తే చాలదు. సెప్టిక్ ట్యాంకు ఎంత దూరంలో ఉంది? కనీసం 50 అడుగులన్నా ఉండాలి, 150 గజాల స్థలంలో ఇల్లు, బోరు, ట్యాంకు మూడూ ఇరికించిన చోట అది కుదిరే పని కాదు. మురుగు నుంచీ, పొలాల్లో యూరియా నుంచీ నైట్రేట్ దిగుతుంది. దానికి లీటరుకి 45 మిల్లీగ్రాములే హద్దు, టీడీఎస్‌లాగా సడలింపు లేదు. రుచి, రంగు, వాసన ఏమీ ఉండదు. ఆ నీళ్లతో డబ్బా పాలు కలిపి పట్టిస్తే నెలల పసిబిడ్డల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా తిరుగుతుంది. ఇంట్లో పసిపిల్లలుంటే బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా పాలల్లో కలపొద్దు.

ఫ్లోరైడ్ సంగతి పల్నాడు, ప్రకాశం పడమటి మండలాల వాళ్లకి చెప్పక్కర్లేదు. దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) మొట్టమొదట నమోదైంది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, తప్పనిసరైతే 1.5. అటునుంచి గుంటూరొచ్చి స్థిరపడిన కుటుంబాల్లో పళ్ల మీద పసుపు గారలు కనిపిస్తే అవి చిన్నప్పుడు తాగిన నీళ్ల గుర్తులు, ఇప్పుడు ఏ పేస్టుతో తోమినా పోవు.

గిన్నెల మీద తెల్లపొర, గీజర్లో పెచ్చులు మాత్రం కాఠిన్యం వల్ల వచ్చేవి. విసుగే గానీ జబ్బు కాదు.

సంపు, పైన ట్యాంకు ఎలా శుభ్రం చేయాలి?

ఆరు నెలలకి ఒకసారన్నా చేయాలి, వరద నీళ్లు వస్తే వెంటనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లన్నీ మునిగినప్పుడు సంపులన్నీ మురుగు గుంటలైపోయాయి. నీళ్లు తీసేసి ఊరుకుంటే చాలదు. మొత్తం తోడేసి, అడుగున ఒండ్రు ఎత్తేసి, గోడలు బ్రష్‌తో రుద్ది, బ్లీచింగ్ నీళ్లు గోడలకి పట్టించి అరగంట ఉంచి, కడిగి పారబోయాలి. మళ్లీ నింపాక వెయ్యి లీటర్లకి సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చాలు. దాన్ని బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రమే సంపులో పోసి అరగంట ఆగండి. పౌడర్ తాజాది తీసుకోండి. మూత తీసి నెలల తరబడి ఉంచిన దానిలో క్లోరిన్ ఎగిరిపోయి సున్నమే మిగులుతుంది.

లోతైన సంపులోకి ఒక్కరే దిగొద్దు. చాలాకాలం మూసి ఉంచితే లోపల గాలి ఆడదు, దిగినవాళ్లు కళ్లు తిరిగి పడిపోతే వాళ్లని లాగబోయినవాళ్లూ పడిపోతారు. మూత తీసి కొన్ని గంటలు వదిలేయండి, పైన మనిషిని పెట్టండి. బ్లీచింగ్‌తోపాటు యాసిడ్ వాడటం అసలు వద్దు, విషవాయువు వస్తుంది.

రాగి బిందెలో పోస్తే చాలా?

రాత్రంతా ఉంచితే కొన్ని క్రిములు చస్తాయి, అది నిజమే. మురుగు కలిసిన నీళ్లని మంచినీళ్లు చేసేంత శక్తి మాత్రం లేదు. మజ్జిగ, నిమ్మరసం అందులో పోయకండి.

చలివేంద్రాల్లో, చెరుకురసం బండ్ల దగ్గర తాగొచ్చా?

చలివేంద్రం కుండలో నీళ్లు ఎక్కడివో అడగండి, పెట్టినవాళ్లు సంతోషంగానే చెబుతారు. బండి దగ్గర అనుమానించాల్సింది ఐసుని. చేపల కోసం చేసిన దిమ్మే గోనెసంచిలో చుట్టుకుని రసంలోకి వస్తుంది. ఐసు వద్దనండి.

ఏ.కొండూరులో, ఉద్దానంలో కిడ్నీ జబ్బులకి నీళ్లే కారణమా?

ఏ ఒక్క కారణమూ ఇప్పటిదాకా గట్టిగా తేలలేదు. నీళ్లు, ఎండలో పని, తగినంత నీళ్లు తాగకపోవడం, నొప్పి మాత్రలు, అన్నీ అనుమానంలో ఉన్నాయి. మీ ఊళ్లో కిడ్నీ కేసులు ఎక్కువ కనిపిస్తే టీడీఎస్ మీటర్ పట్టుకుని నిర్ణయాలు చేయకండి, పీహెచ్‌సీలో కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

నీళ్లు పరీక్ష ఎక్కడ చేయిస్తారు?

గ్రామీణ నీటి సరఫరా శాఖకి, అంటే ఆర్‌డబ్ల్యూఎస్‌కి జిల్లాల్లో ల్యాబ్‌లున్నాయి. పల్లెల్లో పంచాయతీ దగ్గర ఫీల్డ్ కిట్ ఉండాలి, అడగండి. క్రిముల పరీక్షకైతే ఇంట్లో సీసా పనికిరాదు, ల్యాబ్ వాళ్లిచ్చిన శుద్ధమైన సీసాలోనే పట్టి, ఐసులో పెట్టి వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు అందించాలి. మలం కలిసిందని చెప్పే ఈ.కోలై అన్న క్రిమి 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు. త్వరగా తేల్చుకోవాలంటే హెచ్‌టూఎస్ సీసా ఒకటి ఉంటుంది, నీళ్లు పోసి ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడిందా మలం కలిసినట్టే అనుకోవాలి.

ఇంట్లో ఒకరికి విరేచనాలు పట్టుకున్నాయి, ఏం చేయాలి?

ముందు ఓఆర్‌ఎస్. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లకి కలపాలో రాసి ఉంటుంది, పెద్దది లీటరుకి, చిన్నది గ్లాసుకి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలవండి. డబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులు దీనికి బదులు కావు. పిల్లలకి జింక్ 14 రోజులు ఇస్తారు, ఆశా వర్కర్‌ని అడగండి, తల్లిపాలు ఆపొద్దు. కళ్లు లోపలికి పోయినా, మూత్రం ఆగినా, గంజి నీళ్లలా వెళ్తున్నా, మనిషి మత్తుగా ఉన్నా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

కామెర్ల సంగతి వేరు, అవి చెడ్డ నీళ్లు తాగిన కొన్ని వారాలకి బయటపడతాయి కాబట్టి మొన్న తాగిన నీళ్లని అనుమానించి లాభం లేదు, పోయిన నెల ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. కడుపుతో ఉన్న ఆడవాళ్లకి కామెర్లొస్తే పసరు మందంటూ తిరగొద్దు. నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్-ఈ నిండు నెలల్లో ప్రాణాల మీదికి తెస్తుంది, నేరుగా పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి.

నీళ్లు కంపు కొడుతున్నాయి, ఎవరికి చెప్పాలి?

వార్డు సచివాలయంలో నీళ్ల సంగతి చూసే ఎమినిటీస్ సెక్రటరీకి, నోటితో కాదు, రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. ఎన్ని గంటలకి నీళ్లు వదిలారు, కంపు ఎంతసేపు వచ్చింది, పక్కన ఎన్ని ఇళ్లలో అలాగే ఉంది, ఎవరికైనా విరేచనాలున్నాయా అన్నవి అందులో రాయండి. పగులు ఎక్కడుందో వెతకడానికి ఫిట్టర్‌కి పనికొచ్చేవి అవే. గ్లాసులో నీళ్ల ఫోటో కంటే, కాల్వలో మునిగిన పైపు ఫోటో తీయండి. ఒకే వీధిలో రెండు మూడు ఇళ్లలో విరేచనాలుంటే అదే రోజు ఏఎన్ఎమ్‌కి కూడా చెప్పండి, అప్పుడే నీళ్ల శాంపిల్ తీస్తారు, క్లోరిన్ బిళ్లలు పంచుతారు. పట్టించుకోకపోతే సోమవారం గ్రీవెన్స్‌కి ఆ రసీదుతో, వీధిలో నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లండి. లీకు బాగుచేశాక కూడా రెండు మూడు సార్లు నీళ్లు వదిలి పారబోసిందాకా ఆ లైను నీళ్లు మరిగించే తాగండి.